నీళ్ళు నిండే వేళకు విందు

“ఏడున్నరేమిటి వదినా? ఏడున్నరకి మన రేవులో కూర్చుని భోంచేసేదెవరు, చేపలా?”

గుమ్మంలోంచే కేకేశాను. వెర్నా వదిన తల ఎత్తలేదు. వంటింటి బల్లమీద బంగాళాదుంపలు గుట్టగా పోసుకుని కడుగుతోంది. సార్డీన్ ఫ్యాక్టరీలో కత్తెరతో చేపల తలలు కోసే ఆడవాళ్ళందరి లాగే ఆమె వేళ్ళకీ తెల్ల గుడ్డపట్టీలు చుట్టి ఉన్నాయి. తడిసినా విప్పలేదు.

“నెమ్మదిగా మాట్లాడు ఆర్లీన్. మీ అన్నయ్య కింద రేవులోనే ఉన్నాడు.”

“విననీ! పాస్టరుగారి భార్య కొట్లో కనబడి, ‘రేపు మీ విందు ఏడున్నరకి కదా, ఈలోపు మావారికి ఓ రొట్టెముక్క పెట్టి తీసుకొస్తాలే’ అంది. అన్నయ్యేమో ఐదింటికి గొయ్యి తెరుస్తానని పొద్దున్నించీ రాళ్ళు మోస్తున్నాడు. ఈ ఇంట్లో ఎవరి గడియారం వాళ్ళదేనా?”

వదిన ఇంకో దుంప తీసుకుంది. దానిమీద మట్టి లేదు. అయినా కడిగింది.

నాకు ఒళ్ళు మండింది. రేపు శుక్రవారం సాయంత్రం చర్చిలో పెళ్ళి రిహార్సలు. అది అవగానే ముందురోజు విందు. ఎల్లుండి వదిన కొడుకు, మా రాండీ పెళ్ళి. మా దగ్గర పెళ్ళి ఖర్చు, పెళ్ళి పెత్తనం ఆడపిల్లవాళ్ళవి. పువ్వులు వాళ్ళవి, బాజా వాళ్ళది, కేకు వాళ్ళది. మగపిల్లవాడి తల్లి మంచి గౌను వేసుకుని ముందు వరసలో నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ ముందురోజు విందు ఒక్కటే మావైపు వాళ్ళది. పెళ్ళి కుదిరినప్పటినుంచీ మా వదిన ఆ ఒక్క సాయంత్రాన్నీ పట్టుకుని వేలాడుతోంది.

అలాంటి విందు మేము చేసేది ఒకటే పద్ధతి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రేవులో గొయ్యి తీసి, రాళ్ళు పరిచి, కట్టెలు కాల్చి, నిప్పులమీద తడి నాచు వేసి, లాబ్‌స్టర్లు, ఆల్చిప్పలు, దుంపలు, మొక్కజొన్న కండెలు పేర్చి, మళ్ళీ నాచు కప్పి వదిలేస్తాం. ఆగస్టులో గట్టుమీద గడ్డి ఎండిపోయి ఉంటుంది, అక్కడ నిప్పు పెట్టనివ్వరు. కింద ఇసుకలోనే చెయ్యాలి. నీళ్ళు తిరిగి ఎక్కేలోపు తినేసి లేవాలి. రేపు ఏడున్నరకి ఆ గోతిమీద మనిషి మునిగేంత నీళ్ళుంటాయి.

ఈ సంగతి మా ఊళ్ళో ఉయ్యాల్లో పిల్లకి తప్ప అందరికీ తెలుసు. ఇన్నేళ్ళు జాలరి పెళ్ళాంగా ఉన్న మనిషికి తెలియదంటే ఎలా నమ్మను?

“వాళ్ళకి ఏడున్నర అని ఎవరు చెప్పారు వదినా?”

“నేనే.”

“అన్నయ్యకి ఐదు అని?”

“అదీ నేనే.”

ఆ మాట ఎంత నింపాదిగా అందో! నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. కొళాయి కట్టేశాను. ఇక ఆమెకి చేతులు పెట్టుకోవడానికి పని లేకపోయింది.

“రాండీ బోస్టన్ నుంచి ఫోన్ చేశాడు,” అంది చివరికి. “పోయిన నెల. ‘అమ్మా, విందు కొంచెం ఆలస్యంగా పెడదామా, ఏడున్నరకి? నీటితో ఇబ్బందేం లేదుగా, నువ్వు పోటు వేళలు చూసి చెప్పు’ అన్నాడు. ఎవరి ఆలోచనరా ఇది అన్నాను. ‘ఎవరిదైతేనేం అమ్మా, సిల్వియా కూడా సరేనంది’ అన్నాడు.”

“అయితే?” అన్నాను. సిల్వియా మాకు కాబోయే వియ్యపురాలు, పెళ్ళికూతురి తల్లి.

“అయితే ఏమిటి? వాళ్ళు చీకటి పడితేగానీ భోంచెయ్యరు. ముందు గ్లాసులు పట్టుకుని వరండాలో తిరగాలి. ఐదింటికి తినేది మనలాంటి కూలివాళ్ళు. నా ఇంటి విందుకి నేను వేళ పెట్టుకునే యోగ్యత కూడా లేకపోయింది నాకు. సిల్వియా పెట్టాలి. సిల్వియా కార్డులు అచ్చు వేయించాలి. సిల్వియా సరేననాలి!”

“నువ్వేమన్నావు వాడితో?”

“కుదురుతుందన్నాను.”

“చూసే చెప్పావా?”

“చూసే.”

 కిటికీలోంచి మా అన్నయ్య హార్లన్ కనిపిస్తున్నాడు. మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్క రాయీ తిప్పి చూసి, పగులున్నవి అవతల పారేస్తున్నాడు. పగిలిన రాయి నిప్పుల్లో పేలుతుంది. కొడుకు పెళ్ళని ఎంత జాగ్రత్తో ఆ మనిషికి!

“వదినా, నీకు మతి పోయిందా?”

“పోలేదు. రానీ ఆవిడని. ఆ తెల్ల చెప్పులు వేసుకుని, చుట్టాలందర్నీ వెంటేసుకుని గట్టు దిగనీ. ఇక్కడ గొయ్యీ ఉండదు, భోజనమూ ఉండదు, నిండా నీళ్ళుంటాయి. అప్పుడడుగుతాను, ‘వేళ మీరే పెట్టారట కదండీ, మీరున్న కొండమీదికి సముద్రం కనిపించదా?’ అని. జనం ముందు అడుగుతాను.”

“మరి నీ కొడుకు?”

“నా కొడుకా? ఎవరికి కొడుకు?” ఆమె గొంతు పెరిగింది. నెమ్మదిగా మాట్లాడమన్నది తనే. “ఆదివారం ఫోన్ ఎక్కణ్ణించి చేస్తాడో తెలుసా? ఆవిడ ఇంట్లోంచి. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగి నవ్వుతాడు. ఆవిడేదో జోకు వేసి ఉంటుంది. నేను చెప్పేది సగం వినడు. కోటు కొనిపెట్టిందట, ఇత్తడి బొత్తాలది. చేతులు కడుక్కోవడం కూడా నేర్పించే ఉంటుంది! వేసవికి వచ్చిపోయేవాళ్ళు, రెండు నెలలు మన ఊళ్ళో ఎండ కాచుకుని పోయేవాళ్ళు, నా బిడ్డని ఎత్తుకుపోతుంటే నేను దుంపలు కడుగుతూ కూర్చోవాలా?”

“ఎత్తుకుపోవడమేమిటి, వాడేం సంచీనా? ఆ పిల్ల లెస్లీని వాడే వలచాడు.”

“లెస్లీ మంచిది. లెస్లీని నేనేమీ అనలేదు. ఆ పిల్ల భార్య. భార్యకి ఇవ్వక తప్పదు. తల్లి స్థానం కూడా తీసుకెళ్ళి వాళ్ళింట్లో పెట్టాలా?”

అదీ సంగతి. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పట్టీ ఊడిన వేలు నోట్లో పెట్టుకుని కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. నేనేదో ఓదార్పు మాట అనాలి. కానీ కిందున్న అన్నయ్యని చూస్తే నాకు ఆవిడమీద జాలి రాలేదు, కోపమే వచ్చింది.

“ఇప్పుడే దిగి అన్నయ్యకి చెప్పేస్తాను,” అని లేచాను.

“చెప్పావంటే నా గుమ్మం తొక్కకు ఆర్లీన్.”

తొక్కకపోతే నాకు కాఫీ ఎవరిస్తారు? నేను తలుపు దాకా వెళ్ళాను. సరిగ్గా అప్పుడే వాకిట్లో కారు ఆగింది.

ఎవరనుకున్నారు? ఆవిడే. వియ్యపురాలు. ఈ రోజు కూడా తెల్ల చెప్పులే. పక్కన రాండీ, చేతిలో పొడుగాటి అట్టపెట్టె. పిల్లవాడు ఎండకి కాస్త రంగు తేలి, తండ్రి భుజాలతో, గుమ్మానికి తల తగులుతుందేమో అన్నట్టు వంగి వచ్చాడు. నన్ను చూసి కన్ను కొట్టాడు.

“అత్తా, ఇంకా అమ్మని సాధిస్తూనే ఉన్నావా?”

“లేదురా, మీ అమ్మే నన్ను సాధిస్తోంది.”

వాడు వెళ్ళి తల్లి నెత్తిమీద ముద్దు పెట్టుకున్నాడు. అట్టపెట్టె బల్లమీద పెట్టి, “ఇప్పుడే తెరవకు. నేను నాన్నకి చెయ్యందించి వస్తాను,” అని వెనక తలుపులోంచి రేవులోకి పరుగెత్తాడు.

 వాడు కిందికి వెళ్ళాడంటే వేళ గురించి మాట రాకుండా ఉంటుందా? వదిన కూడా అదే అనుకున్నట్టుంది. కిటికీలోంచి వాడి వెనకే చూపు పోనిచ్చింది. తరవాత ఏమనుకుందో, భుజాలు నిలబెట్టి వియ్యపురాలి వైపు తిరిగింది.

“కూర్చోండి. చెక్క కుర్చీలే, మెత్తలు లేవు.”

“నాకివే హాయి వెర్నా గారూ,” అంది సిల్వియా. సన్నగా, పొడుగ్గా, మొహాన అలసట కనబడే మనిషి. “రెండు నిమిషాలే. మా అమ్మని మధ్యాహ్నం నిద్ర లేపాలి. ఎనభై దాటాయి, కనెక్టికట్ నుంచి కార్లో తీసుకొచ్చేసరికి ఒళ్ళు హూనమైపోయింది.”

“రేపు రాత్రి దాకా మేలుకోగలరా మరి? ఏడున్నర భోజనమాయె. మీకు అలవాటేననుకోండి.”

మాటలో ముల్లు నాకు తెలిసింది. సిల్వియాకి తెలిసిందో లేదో.

“అలవాటా! ఆవిడ ఆరింటికల్లా సూపు తాగి పడుకుంటుంది. అందుకే నేను మొదట ఒప్పుకోలేదు. ఐదింటికే పెట్టుకుందాం, మీ అమ్మగారు చెప్పినట్టే, అని రాండీతో ఎంత చెప్పానో! నా మాట వింటేగా. మొండివాడు. ఈ విషయంలో లెస్లీ మాట కూడా వినలేదు.”

వదిన చేతిలో దుంప అలాగే ఉండిపోయింది.

“రాండీయా?”

“మీతో చెప్పలేదా?” సిల్వియా వెనక తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. “చెప్పొద్దన్నాడు నన్ను. కానీ మీకు తెలియాలి. మీ ఫ్యాక్టరీ కూత గురించి చెప్పాడు. పడవలు చేపలతో వస్తే కూత కూస్తారట, ఊళ్ళో ఆడవాళ్ళంతా ఏ పనిలో ఉన్నా వదిలేసి పరుగెత్తాలట. శుక్రవారాలు తప్పకుండా కూస్తుందట. వాడి పదో పుట్టినరోజుకి మీరు కేకు కోసేవేళకి కూత వచ్చిందట. బడి చదువు ముగిసిన రోజు సభకి మీరు వేళ్ళకి పట్టీలతోనే వచ్చి, వాసనొస్తుందని వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారట.”

వదిన వేళ్ళు కొంగులో దాచుకున్నట్టు ఏప్రన్ కింద పెట్టుకుంది.

“‘ఐదింటికి పెడితే అమ్మ ఆరోజూ అలాగే పరుగెత్తుకొస్తుంది’ అన్నాడు. ‘ఏడున్నర అయితే పని ముగించుకుని ఇంటికొచ్చి, వేడినీళ్ళు పోసుకుని, తల దువ్వుకుని, గౌను వేసుకుని, అందరికంటే ముందు కూర్చుంటుంది. ఒక్కసారి మా అమ్మ కూర్చుని తినడం చూడాలి నేను’ అన్నాడు. ఇంకేమంటాను చెప్పండి? మా అమ్మకి మధ్యాహ్నమే ఓ కునుకు తీయిద్దాంలే అనుకున్నాను.”

బల్లమీది పెట్టె వైపు చూపించింది.

“ఆ గౌనూ వాడు ఎంచిందే. నన్ను కొట్లోకి రానివ్వలేదు. మీకు నీలం నప్పుతుందని వాడి పట్టు.”

మేం ముగ్గురం ఆ పెట్టె వైపే చూశాం.  మా వదిన మొహంలో రక్తం లేదు. అసూయ పడ్డ మనిషికి అసూయ పడటానికి ఏమీ లేదని తెలిస్తే సంతోషించాలి కదా. ఆమెని చూస్తే అలా లేదు. దొంగ సొత్తుతో దొరికిపోయినట్టుంది.

అయ్యో వెర్నా, ‘సిల్వియా కూడా’ అన్నప్పుడు ఆ పిల్లవాణ్ణి ఇంకో మాట అడిగి ఉంటే నీ సొమ్మేం పోయేది?

వెనక మెట్లమీద బూట్లు దబదబలాడాయి. అన్నయ్య ముందు, రాండీ వెనక. అన్నయ్య చేతులనిండా మసి, ఇసుక. మా అన్నయ్య ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆ నాలుగూ ఇప్పుడే వాడేశాడు.

“ఏడున్నర అంటున్నాడేమిటి వీడు?”

కొడుకు వైపు తిరిగాడు.

“నీళ్ళుంటాయిరా అక్కడ! గొయ్యి ఎప్పుడో మునిగిపోతుంది! ఎవరు చెప్పారు నీకు ఏడున్నరని?”

“అమ్మే చెప్పింది నాన్నా,” అన్నాడు రాండీ, అయోమయంగా. “కుదురుతుందా అని అడిగాను. చూసి, కుదురుతుందంది.”

అన్నయ్య వదిన వైపు చూశాడు. ఆమె ఆటుపోట్ల విషయంలో ఎన్నడూ పొరబడలేదని ఆయనకి తెలుసు. ఈయన పడవ ఎప్పుడు రేవు దాటగలదో, ఎప్పుడు తిరిగి రాగలదో ఇన్నేళ్ళుగా లెక్కవేసి వంట చేసింది ఆమే. చాలాసేపు చూశాడు. తరవాత కళ్ళు దించుకుని, మసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“పొరబడి ఉంటుంది,” అన్నాడు. “మనిషన్నాక పొరబడదా?”

కాపాడేశాడు. ఎంత మంచివాడు మా అన్నయ్య! అప్పుడే నాకు ఆయనమీద కూడా కోపం వచ్చింది.

రాండీ మొహం విప్పారింది. పెద్దగా నవ్వి, తల్లి పక్కకొచ్చి భుజంమీద చెయ్యి వేశాడు.

“అమ్మా! నువ్వే? నీళ్ళ సంగతి నువ్వే మర్చిపోయావా? ఊళ్ళో తెలిస్తే బతకనివ్వరు నిన్ను! పోనీలే, పెళ్ళి హడావుడిలో ఎవరికైనా మతిమరుపే.”

“దానికేం భాగ్యం,” అంది సిల్వియా. “అందరూ మా వరండాలోకి వచ్చేయండి. గొయ్యి ఐదింటికే తెరిచి, వేడివేడిగా తట్టల్లో పెట్టుకుని కొండెక్కిద్దాం. బల్లలున్నాయి, దీపాలున్నాయి. వంట మీదే, చోటు మాత్రమే మాది. ఏమంటారు వెర్నా గారూ?”

“అదీ బాగానే ఉంది,” అన్నాడు రాండీ.

ఏ సాయంత్రం కోసం ఇదంతా చేసిందో ఆ సాయంత్రం లేచి వియ్యపురాలి వరండాలోకి నడిచి వెళ్ళిపోయింది. ఎవరూ లాక్కోలేదు. తనే చేతికిచ్చింది. అదీ ఎంత మర్యాదగా జరిగిపోయిందో! ఇప్పుడు మా వదిన చెయ్యాల్సింది ఒక్కటే, ‘సరేనండీ’ అనడం. అంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. మొగుడు కప్పేశాడు, కొడుకు నవ్వేశాడు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నా నోరు ఎలా కట్టాలో ఆవిడకి బాగా తెలుసు.

ఆమె నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు.

అంతలో కూత వచ్చింది.

రేవు అవతల ఫ్యాక్టరీ కప్పు మీంచి పొడుగ్గా, ఊరంతా అదిరేట్టు కూసింది. చేపలొచ్చాయి. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి పిల్ల ఏప్రన్ కట్టుకుంటూ పరుగెత్తుతూ, “వెర్నా అక్కా, రా!” అని అరిచింది.

“వెళ్ళమ్మా,” అన్నాడు రాండీ. “మిగతాది మేం చూసుకుంటాంలే. చూశారా సిల్వియా, నేను చెప్పలా?”

వదిన లేచింది. గోడకున్న మేకు మీంచి రబ్బరు ఏప్రన్ తీసింది. జేబులో కత్తెర ఉందో లేదో తడిమి చూసుకుంది. తలుపు దాకా నడిచింది. దేవుడే దారి చూపించాడనుకున్నాను. ఆ తలుపు దాటితే చాలు, సాయంత్రానికి అందరూ మర్చిపోతారు.

ఆమె తలుపు మూసింది. లోపల ఉండే మూసింది. ఏప్రన్ మళ్ళీ మేకుకి తగిలించి వచ్చి కొడుకు ముందు నిలబడింది. వాడు అలవాటుగా మళ్ళీ ఆమె భుజంమీద చెయ్యి వేశాడు.

“నేను మర్చిపోలేదు రాండీ.”

“ఏమిటి?”

“నువ్వు అడిగిననాడే చూశాను. ఏడున్నరకి నీళ్ళు నిండుగా ఉంటాయని తెలుసు. తెలిసే కుదురుతుందన్నాను.”

వాడి మొహంమీద నవ్వు ఇంకా పోలేదు. పోవడానికి దారి తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. “ఎందుకమ్మా?” అన్నాడు.

వదిన సిల్వియా వైపు తిరిగింది.

“మీ తెల్ల చెప్పులు తడవాలని,” అంది. “జనం ముందు మిమ్మల్ని నవ్వులపాలు చెయ్యాలని. వాణ్ణి మీరు తీసుకుపోతున్నారని అనుకున్నాను.”

సిల్వియా పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది. అన్నయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి, తను పొద్దున్నించీ పేర్చిన రాళ్ళ వైపు చూస్తూ మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నాకైతే పరుగెత్తుకెళ్ళి మా వదినని కావలించుకోవాలనిపించింది, చెంప మీద ఒకటి వెయ్యాలనీ అనిపించింది.

కూత రెండోసారి కూసింది. రానివాళ్ళకి అదే ఆఖరు పిలుపు. ఇన్నేళ్ళలో మొదటిసారి మా వదిన దానికి తల కూడా తిప్పలేదు.

రాండీ ఆమె భుజం మీంచి చెయ్యి తీశాడు.

“నా పరీక్షలనాడు, పుట్టినరోజులనాడు, కూత వినగానే ఎన్నిసార్లు వదిలి వెళ్ళిపోయావమ్మా నువ్వు,” అన్నాడు మెల్లిగా. “ఒక్కనాడు ఆగావు. దీనికోసమా?”

బల్లమీది పెట్టె ఇంకా తెరవలేదు. ఆమె చూపు దానిమీద పడటం వాడు చూశాడు. చెయ్యి చాచాడు.

“ఆ గౌను ఇటివ్వమ్మా.”